గిర్ని అమ్మిన తరువాత

పోయిన ఎండాకాలంలో ఒక ఆదివారం మా ఆయన రాజేందర్ ఇక ఉద్యోగం మానేస్తానన్నాడు. రిటైర్మెంటుకు ఇంకా ఏళ్లున్నాయి. పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేసి చేసి ఆయన మోకాళ్లు అరిగాయి. నిద్ర ఏ వేళకు రావాలో ఒంటికే తెలియకుండా పోయింది. సెలవు దొరికితే చాలు, ఫోన్ పట్టుకొని మంచం మీద ఒరిగి, నలభైల్లోనే కొలువు వదిలేసి ఊరి బయట ఇంత జాగా కొనుక్కొని, ఉన్నదాంట్లో సర్దుకొని బతుకుతున్నవాళ్ల వీడియోలు చూస్తాడు. చిన్న పెంకుటిల్లు, వాకిట్లో బర్రె, పెరట్లో బెండ మొక్కలు. ఆ ఇంటి ఆడమనిషి ఎప్పుడూ కట్టెల పొయ్యి ముందు కూర్చొని నవ్వుతూ ఉంటుంది. "మనకింక ఏం గావాలె కమలా? బిడ్డ సదువైపాయె, దాని నౌకరి దానికొచ్చె. నారాయణఖేడ్ దిక్కు ఇంత జాగ దీస్కొని ఉంటే మన ఖర్సెంత? మీ మామ బతకలేదా?" అన్నాడు.

మా మామ అంటే మా అమ్మకు అన్న, మాణికప్ప. నారాయణఖేడ్ బజారులో పిండి పట్టే గిర్ని నడిపేవాడు. నలభై దాటిన కొద్దిరోజులకే, బాగా నడుస్తున్న గిర్నిని అమ్మేసి, ఇక సంపాదన వద్దనుకొని ఇంటి ముందు అరుగు మీద కూర్చున్న మనిషి. ఆ తరువాత ఇంకో ముప్పై ఏళ్లకు పైగా ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా హాయిగా బతికి వెళ్లిపోయాడు. రాజేందర్‌కు ఈ కథంటే ప్రాణం. ఫ్యాక్టరీలో తోటివాళ్లకు చెబుతాడు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు చెబుతాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కాని ఆ ఇంట్లో అయిదో తరగతి తరువాత నుంచి పదో తరగతి దాకా పెరిగినదాన్ని నేను. ఆ కథలో మా అత్త ఈరమ్మ కూడా ఉంది. ఆమె సంగతి చెప్పకుండా ఆ కథ చెబితే వినేవాళ్లకు సుఖంగా ఉంటుంది. ఆ సుఖాన్ని ఆ రోజు నేను చెడగొట్టలేదు. జాగా చూడ్డానికి వస్తానని మాత్రం అన్నాను. సంగారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పి, ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టి, పిల్లల కాపీలు దిద్దుకునే మనిషికి వాదించే ఓపిక కూడా ఒక్కోసారి ఉండదు.

కల్హేర్ వైపు మా పల్లెలో అప్పట్లో బడి అయిదుతో ఆగిపోయేది. అందుకని అమ్మ నన్ను తీసుకొచ్చి అన్న ఇంట్లో దింపిపోయింది. మామకు, అత్తకు పిల్లలు లేరు. గిర్ని అప్పుడు మంచి నడక మీద ఉంది. ఇల్లు బజారుకు రెండు సందుల అవతలే అయినా దాని చప్పుడు మా వంటింట్లోకి వినబడేది. మోటారు పట్టా తిరుగుతుంటే గోడలు సన్నగా వణికేవి. అంగడి రోజు పల్లెలవాళ్లు జొన్నల డబ్బాలు వరుసగా పెట్టి, నీడపట్టున కూర్చొని తమ వంతు కోసం చూసేవాళ్లు. మిరపకాయలు పట్టే రోజుల్లో ఆ సందులో నడిచేవాళ్లంతా కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకొని తుమ్ముకుంటూ పోయేవాళ్లు. మామ మాత్రం పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఆ దుమ్ములోనే ఉండేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు, చెవుల వెంట్రుకలు, చేతుల మీద నూగు అంతా తెల్లగా ఉండేది. అత్త వాకిట్లోనే ఆపి తువ్వాలతో దులిపేది. దులుపుతున్నంతసేపూ మామ దగ్గేవాడు. మాట గట్టిగా మాట్లాడేవాడు, ఎందుకంటే తన మాట తనకే వినబడేది కాదు. ఒకరోజు వెనక నుంచి నేను ఎన్నిసార్లు పిలిచినా తిరగలేదు. తీరా చెయ్యి పట్టుకుంటే ఉలిక్కిపడి నన్ను చూసి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

అది జరిగిన తరువాతే అనుకుంటాను, గిర్ని అమ్మేయాలన్న మాట ఇంట్లో మొదలైంది. కొనడానికి సిద్ధపడింది బయటివాడు కాదు. మామ దగ్గర ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న గఫూర్ భాయ్. డబ్బు వాయిదాల మీద ఇస్తానన్నాడు, మామ ఒప్పుకున్నాడు. తాళంచేతులు ఇచ్చేసిన రోజు మామ మిట్ట మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. ఆ వేళకు ఆయన ఇంట్లో ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు బడికి సెలవు. అత్త పెసరపప్పు చెరుగుతోంది. మామ ఆమె ముందు కూర్చొని, "ఇగ అయిపోయింది ఈరమ్మా. పొద్దుగాల లేసి ఉరుకుడు లేదు. ఆ సప్పుడు లేదు. ఉన్నదాంతోటి బతుకుదం" అన్నాడు.

"ఉన్నది సరిపోతదా?" అంది అత్త, చేట ఆపకుండానే.

"ఎందుకు సరిపోదు? మనిద్దరం, గీ పిల్ల. ఎనుక అర్రల కిరాయిలొస్తయ్. చేను పాలుకిచ్చినం, జొన్నలు కందులు ఇంటికొస్తయ్. ఇంకెంత గావాలె మనిషికి?"

అత్త చేట పక్కన పెట్టి "సరే" అంది. లేచి, ఆయన స్నానానికి నీళ్లు పెట్టింది.

ఊరు మాత్రం అంత తేలిగ్గా సరే అనలేదు. నడుస్తున్న గిర్నిని ఎవరైనా అమ్ముకుంటారా, మాణికప్పకు పిచ్చి లేసిందా అని అరుగు దగ్గర ఆగి మరీ అడిగేవాళ్లు. రోగం ఏదో వచ్చింది, దాస్తున్నాడని కొందరన్నారు. మామ నవ్వేవాడు. "తినేది రెండు రొట్టెలు. దాని కోసం ఊరందరి పిండి నేను మింగాల్నా?" అనేవాడు. కొన్నాళ్లకు ఊరికి ఆయనను అలా చూడడం అలవాటైంది. అంతకుముందు ఆయన ముఖం ఎలా ఉంటుందో కూడా సరిగా తెలియని మనుషులు ఆగి పలకరించేవాళ్లు. ఏదైనా సంగతి తేల్చుకోవాలంటే వచ్చి పక్కన కూర్చునేవాళ్లు. దగ్గు తగ్గింది. గొంతు చిన్నదైంది. మంచాలకు నులక అల్లడం మొదలుపెట్టాడు. ఊరికే అల్లి ఇచ్చేవాడు. అమావాస్యకు బోరంచ నల్లపోచమ్మ గుడికి నడుచుకుంటూ వెళ్లి, నడుచుకుంటూ వచ్చేవాడు. నన్ను రోజూ బడిదాకా దిగబెట్టి, దారిలో పిట్టల పేర్లు, చేలలో పంటల పేర్లు చెప్పేవాడు. కర్ణాటక సరిహద్దు ఊరు కాబట్టి కొన్నిటిని తెలుగులో, కొన్నిటిని కన్నడంలో. మా నాన్నకు గాని, మా వీధిలో ఏ పిల్ల తండ్రికి గాని అంత తీరిక లేదు. నా చిన్నతనంలో నాకు దొరికిన అన్నిటికంటే మంచి వస్తువు మా మామ తీరిక. అది ఇప్పటికీ కాదనలేను. మనిషి ఊరికే పక్కన ఉండడం ఎంత పెద్ద సంగతో నాకు ఆయన దగ్గరే తెలిసింది.

అయితే ఉన్నదాంతో బతకాలంటే ఖర్చు తగ్గాలి. మామ ఆ పని కూడా శ్రద్ధగానే చేశాడు. బట్టలు చాకలికి వేయడం మానేశాం. ఇంట్లోనే నానబెట్టి ఉతికేది అత్త. కిరసనాయిలు పొయ్యిని అటక మీద పెట్టేశాం. కంది కట్టె చేను నుంచి మోపులుగా వచ్చేది, దాన్ని విరిచి పొయ్యిలో పెట్టి కళ్లు తుడుచుకునేది అత్త. పాలు కొనడం ఎందుకని ఒక బర్రెను తెచ్చాడు. పేడ తీయడం, పిడకలు కొట్టడం, కుడితి పెట్టడం, పాలు పితకడం అత్త వంతయ్యాయి. టీకి చక్కెర మానేసి బెల్లం, బజారు కూర మానేసి దొడ్లో పుంటికూర. దానికి నీళ్లు చేదబావి నుంచి తోడాలి. మామ ఖర్చు తగ్గించిన ప్రతిచోటా ఒక కొత్త పని పుట్టేది. ఆ పని ఎవరికని ఎవరూ అడగలేదు. అత్త కూడా అడగలేదు. తెల్లవారకముందే లేచేది. నేను కళ్లు తెరిచేసరికి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, నీళ్లు నింపి, రొట్టెలు తడుతూ ఉండేది. పీట మీద ఆ చేతుల చప్పుడు వింటూ లేవడం నాకు ఎంత బాగుండేదో. రొట్టె కాలిన వాసన, కొత్త జొన్నపిండి తియ్యటి వాసన, పొగ, పేడ, అన్నీ కలిసి ఆ ఇంటి వాసన. దాన్ని ఇప్పుడు తలుచుకుంటే కడుపులో ఆకలిగా ఉంటుంది, తరువాత భుజాలు లాగినట్టుంటుంది.

అన్నిటికంటే పెద్ద మార్పు పిండి దగ్గర వచ్చింది. గిర్ని ఉన్నన్నాళ్లు మా ఇంటి పిండి అక్కడే పట్టేది, దానికి లెక్కే లేదు. ఇప్పుడు పట్టించాలంటే డబ్బులివ్వాలి. గఫూర్ భాయ్ తనే ఇంటికొచ్చి, "సేట్, మీ డబ్బ నేను తీస్కపోయి పట్టిస్త. గదేంది, మీ దగ్గర పైసల్ తీస్కుంటనా నేను?" అన్నాడు. మామ ఒప్పుకోలేదు. అమ్మిన గిర్నిలో ఉచితంగా పట్టించుకోవడం ఆయనకు నామోషీ. డబ్బులిచ్చి తన పాత గిర్ని ముందే నిలబడడం ఇంకా నామోషీ. "మా అమ్మ ఇసుర్రాయి ఉన్నది గదా. ఇంట్లనే ఇసురుకుంటం. ఆ పిండి రుచే వేరు" అన్నాడు. దొడ్లో బోర్లించి పెట్టిన విసుర్రాయిని కడిగి, గంట్లు కొట్టించి, వంటింటి మూలకు చేర్చారు. ఊరందరికీ పిండి పట్టి ఇచ్చిన మనిషి పెళ్లాం మరుసటి రోజు నుంచి చేత్తో జొన్నలు విసరడం మొదలుపెట్టింది. మామ చెప్పింది నిజమే, ఆ పిండి రుచి వేరు. అరుగు మీద కూర్చున్నవాళ్లకు ఆయన ఆ రొట్టెల గురించి గొప్పగా చెప్పుకునేవాడు.

రెండు మూడు పంటలు గడిచాక అత్త కుడి జబ్బ పట్టేసింది. చెయ్యి భుజం దాకా లేచేది కాదు. తల దువ్వుకోలేక నన్ను దువ్వమనేది. వెనక అర్రలో అద్దెకుండే కంపౌండరు దవాఖాన నుంచి రాసుకునే మందు తెచ్చిచ్చి, కొన్నాళ్లు విశ్రాంతిగా ఉండమన్నాడు. ఆ సాయంత్రం అత్త విసుర్రాయి ముందు కూర్చొని ఎడమచేత్తో తిప్పడానికి చూస్తోంది. రాయి తిరుగుతోంది గాని గుండ్రంగా తిరగడం లేదు, ఆగి ఆగి తిరుగుతోంది. మామ గుమ్మంలో నిలబడి చూశాడు. ఆయనకు జాలేసింది, ముఖంలో తెలుస్తోంది. "జర నిమ్మళంగ ఇసురు ఈరమ్మా. ఎవరు తరుముతున్నరు? మనకు ఫుర్సతే గదా" అన్నాడు.

అత్త తలెత్తి ఆయనను చూసింది. చేతిలో ఉన్న పిడికెడు జొన్నలు రాయిలో వేయకుండా మళ్లీ చేటలో పోసింది.

మరునాడు నేను బడి నుంచి వచ్చేసరికి డబ్బా నిండా జొన్నలు పోసి వాకిట్లో పెట్టుకొని ఉంది. "కమలా, నెత్తికెత్తు" అంది. నేను అందుకోలేక అందుకొని ఎత్తాను. ఆమె ఎడమచేత్తో పట్టుకొని, అరుగు మీద కూర్చున్న మామ ముందు నుంచే నడిచి బజారులోకి వెళ్లింది. నేను వెనకాల పరుగెత్తాను. గఫూర్ భాయ్ చూసి మోటారు దగ్గర నుంచి లేచి వచ్చాడు. "అక్కా, నువ్వొచ్చినవా? కబురు వెడితే నేనే వస్తుంటి గదా" అన్నాడు. "ముందటోళ్లది కానీ. నా వంతుకు పట్టు" అంది అత్త. వంతు వచ్చేదాకా నిలబడింది. ఇంట్లోకి పోను మిగిలిన పాలు అమ్మిన డబ్బుల్లోంచి కొంగు ముడి విప్పి ఇచ్చింది. గఫూర్ భాయ్ ఆమె ముఖం చూసి కాదనలేకపోయాడు, తీసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి మామ అరుగు మీద లేచి నిలబడి ఉన్నాడు. "ఊరందరు జూస్తుండంగ పోయినవ్. అమ్ముకున్నోని పెండ్లం మళ్ల గా గిర్ని ముంగటనే డబ్బ వట్టుకొని నిలవడ్డదంటరు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

అత్త డబ్బా దింపింది. చెమట తుడుచుకొని అరుగు మీద, ఆయనకు ఇంకో చివర, కూర్చుంది. పట్టపగలు ఆ అరుగు మీద ఆమె కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి.

"గిర్ని బంద్ జేస్తనంటే నేను ఒక్క మాటన్ననా?" అంది.

"అనలే."

"నీకు శాత గాలే, నీ దుకానం బంద్ జేసినవ్. మంచిగనే జేసినవ్. మరి నా దుకానం ఎప్పుడు బంద్ జెయ్యాలె? గదొక్కటి జెప్పు. గప్పటిదాంక ఓపుకుంట."

మామ మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. అత్త కదల్లేదు. ఎండ వాలింది. దారిన పోయేవాళ్లు ఇద్దరినీ అరుగు మీద చూసి, పలకరించాలా వద్దా అన్నట్టు నడక తగ్గించి, మళ్లీ నడిచిపోయారు. దొడ్లో బర్రె అరిచింది. "బర్రె అరుస్తుంది" అన్నాడు మామ. "అవ్, ఇనవడ్తుంది" అంది అత్త. మామ నావైపు తిరిగి, "కమలా, నువ్వన్న జర పొయ్యి ముట్టియ్యి బిడ్డా" అన్నాడు. నేను లేవబోయాను. అత్త ఎడమచెయ్యి నా భుజం మీద వేసి మామ వైపు చూసింది. "దాని దుకానం ఇంక తెరవలే. ఇప్పుడే తెరిపియ్యకు" అంది.

అప్పుడు మామ లేచి లోపలికి వెళ్లాడు. అగ్గిపెట్టె ఎక్కడని అడిగాడు. ఉప్పు ఎక్కడని అడిగాడు. బియ్యానికి నీళ్లెన్నని అడిగాడు. అత్త అన్నిటికీ కూర్చున్నచోటు నుంచే జవాబు చెప్పింది, విసుక్కోకుండా, ఎగతాళి లేకుండా. లోపల పొగ కమ్మింది, మామ దగ్గు వినబడింది, గిర్ని రోజుల్లో దగ్గినట్టే. ఆ దగ్గుకు అత్త ముఖం ఒక్కసారి అటు తిరిగింది. లేస్తుందేమో అనుకున్నాను. లేవలేదు. అన్నం ముద్దగా, అడుగు మాడి వచ్చింది. పల్లీల కారం, మజ్జిగ వేసుకొని తిన్నాం. బర్రె మామను దగ్గరికి రానివ్వలేదు, ఆ పూట కంపౌండరు భార్య వచ్చి పాలు పితికి పోయింది.

జబ్బ నయమయ్యేదాకా అలాగే నడిచింది. తెచ్చిన పిండి అయిపోయిన రోజు మామ జొన్నల డబ్బా తనే ఎత్తుకున్నాడు. నేను కూడా వెళ్లాను. తన పాత గిర్ని గుమ్మం దగ్గర ఆగి, లోపలికి పోవాలా, బయట నిలబడాలా తెలియక తడబడ్డాడు. గఫూర్ భాయ్ స్టూలు తుడిచి "సేట్, లోపటికి రా" అన్నాడు. "లేదు భాయ్, నంబర్ వచ్చేదాంక ఈడనే ఉంట" అని ఆడవాళ్ల వరసలో చివర నిలబడ్డాడు. ఆయన భయపడినట్టు ఎవరూ నవ్వలేదు. ముందున్న ముసలమ్మ వెనక్కి తిరిగి చూసి, తన డబ్బాను కాస్త ముందుకు జరిపి చోటిచ్చిందంతే. పట్టిన పిండి నెత్తిన పెట్టుకొని వస్తుంటే దారిలో రెండుసార్లు దించాడు. "ఇంత కాలుతదని తెల్వదు నాకు" అన్నాడు. అన్నేళ్లు పిండి పట్టినా, వేడి పిండిని ఇంటిదాకా ఎన్నడూ మోసినవాడు కాదు.

ఆ తరువాత విసుర్రాయి దొడ్లోకి వెళ్లిపోయింది. బర్రె, చేదబావి నీళ్లు, గిర్నికి పోవడం మామవి అయ్యాయి. బర్రె కూడా కొన్నాళ్లకు ఆయనకు అలవాటైంది. రొట్టెలు మాత్రం అత్తవే. మామ తడితే అవి గుండ్రంగా రాలేదు, లేదా రావాలని ఆయన అంత పట్టుగా అనుకోలేదు. పనులు సగం సగం అయ్యాయని చెప్పలేను. మామ తన వాటా ముగించుకొని అరుగు మీదికి వచ్చే వేళకు అత్త ఇంకా పొయ్యి ముందే ఉండేది. అయినా ఆ ఇల్లు అలా నిలబడింది. ఎవరి దగ్గరా అప్పు చేయలేదు, ఎవరికీ లొంగలేదు, నాకు పదో తరగతి దాకా అన్నం పెట్టి, పుస్తకాలు కొనిచ్చి పంపారు. ఇప్పుడు మేమిద్దరం రెండు జీతాలు తెచ్చుకుంటూ, గ్యాసు, మిక్సీ, పాకెట్టు పిండి పెట్టుకొని కూడా నెలాఖరుకు అలిసి ఒకరి ముఖం ఒకరం చూడకుండా పడుకుంటాం. ఆ రోజులు మేలా ఈ రోజులు మేలా అని ఎవరైనా అడిగితే ముందు నేను, ఎవరికి అని అడుగుతాను.

జాగా చూడ్డానికి వెళ్లిన రోజు ఎండ మండిపోతోంది. మనూర్ వైపు దారిలో, రంగు వేసిన హద్దురాళ్లు పాతిన మెట్ట చెలక. రాజేందర్ దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాడు. మోకాళ్ల నొప్పి మరిచిపోయినట్టున్నాడు. ఇక్కడ బోరు, ఇక్కడ బర్రెల కొట్టం, ఇక్కడ రెండు అర్రల ఇల్లు అని చెయ్యి చాపి చూపిస్తుంటే ఆయన ముఖం చాలా ఏళ్ల కిందటి ముఖంలా ఉంది. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఇంత అలసిన మనిషికి ఇంత చిన్న కోరిక ఉండడంలో తప్పేముందనిపించింది. బజారులో గిర్ని ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దాన్ని దాటి అత్త ఇంటికి వెళ్లాం.

అత్తకు ఎనభై దగ్గరపడుతున్నాయి. మామ పోయాక ముందు గదిలో ఒక్కతే ఉంటుంది, మిగిలిన ఇల్లంతా కిరాయికిచ్చింది. మేం కూర్చున్న కాసేపటికి సందు చివర నుంచి ఒకామె గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు తెచ్చి ఇచ్చి పోయింది. అత్త మా పళ్లాల్లో వేసి, పెరుగు, పల్లీల కారం పెట్టింది.

"పెద్దమ్మా, కట్టెల పొయ్యి మీద నువ్వు చేసే రొట్టెల గురించి కమల ఎప్పటికి చెప్తది. ఇగ చేస్తలేవా?" అన్నాడు రాజేందర్.

"చేస్తలేను. ఆమె తెస్తది, నేను పైసలిస్త. వేడివేడిగ తింట" అంది అత్త. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న తృప్తి నేను ఆ ఇంట్లో ఉన్న ఏళ్లలో చూడలేదు.

రాజేందర్ జాగా సంగతి చెప్పాడు. నౌకరీ వదిలి ఇక్కడికే వచ్చేద్దామనుకుంటున్నామన్నాడు. "పెద్దనాయన లెక్క ఉందమని. ఆయన అంత నిమ్మళంగ ఎట్ల బతికిండు పెద్దమ్మా?"

"నిమ్మళంగ బతకనీకి నేనుంటి గదా కొడుకా" అంది అత్త. రొట్టె తుంచి పెరుగులో నానబెట్టుకుంటూ, మామూలుగా చెప్పింది. "మంచోడే. ఎన్నడు చెయ్యెత్తలే. చెప్పినంక నీళ్లు గూడ తెచ్చిండు. కాని ఆయన ముప్పై ఏండ్లు కూసున్నడు. నేను ఆయన పోయినంక కూసున్న." కాసేపు నమిలి, నావైపు చూపించి, "దీన్ని అడిగినవా?" అంది.

"ఏమని పెద్దమ్మా?"

"ఇది గూడ నౌకరి ఇడుస్తదా అని. బడి నౌకరి గాదు. ఇంట్లది."

రాజేందర్ నవ్వబోయి ఆగిపోయాడు. తింటున్నంతసేపూ మళ్లీ జాగా మాట ఎత్తలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఒక హోటలు ముందు కారు ఆపి రెండు చాయ్‌లు తెచ్చాడు. నా చేతికి ఒకటి ఇస్తూ, అటు రోడ్డు వైపు చూస్తూ, "నువ్వు అలసిపోయినవా కమలా?" అని అడిగాడు.

అలవాటు మీద "లేదు" అనబోయాను. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఈ మాట నన్ను అడగలేదు, నన్ను నేనూ ఎప్పుడూ అడగలేదు. "అవ్. శాన ఏండ్లాయె" అన్నాను. ఆయన తలూపాడు. చాయ్ తాగేసి, గ్లాసులు ఇచ్చి వచ్చి, బండి తీశాడు.

జాగాకు బయానా కింద ఒక్క రూపాయి ఇవ్వలేదు. వద్దనుకోలేదు కూడా. ఫ్యాక్టరీ ఇంకా మానలేదు. ఊరికి పోయి చేయాలనుకున్నవన్నీ ముందు ఈ ఇంట్లో చేసి చూస్తానన్నాడు. పొద్దుటి షిఫ్టు లేని రోజుల్లో వంటింట్లోకి తనే పోతున్నాడు. ఉప్మా ఉండలు కడుతోంది, బెండకాయ జిగురు పోవడం లేదు. గిన్నెలు తోమి ఎక్కడివి అక్కడ పెట్టడం మాత్రం నాకంటే బాగా చేస్తున్నాడు. ఇలా ఏడాది గడిస్తే అప్పుడు జాగా మాట మాట్లాడుకుందామన్నాడు. గడుస్తుందో లేదో నాకు తెలియదు. ఆయన వండే పొద్దుల్లో నేను మంచం మీదే ఉంటాను. కుక్కరు కూత వినబడగానే నా కాళ్లు వాటంతట అవే నేల మీదికి దిగుతాయి. వాటిని మళ్లీ దుప్పట్లోకి తీసుకొని, కళ్లు తెరుచుకొని, పైకప్పు చూస్తూ పడుకుంటాను.